బండెందుకు వచ్చింది?
(ధనుష్కోటి రోడ్డు, దాని పక్కన పాడుబడిన రైలు కట్ట కథ)

రామేశ్వరం వెళ్ళి వచ్చినవాళ్ళు మనలో చాలామందే ఉంటారు. ఇరవైరెండు తీర్థాల స్నానం చేసి, స్వామి దర్శనం చేసుకొని, గవ్వల దండలూ శంఖాలూ కొనుక్కొని తిరిగి వచ్చి ఉంటారు. ఓపికున్నవాళ్ళు మరి కాస్త దూరం వెళ్ళి ధనుష్కోటి కూడా చూసి ఉంటారు. ఈ సంవత్సరం ఫైనలియర్ సివిల్ విద్యార్థుల స్టడీ టూరులో మేమూ అక్కడికి వెళ్ళాం. నిజం చెప్పాలంటే మా దృష్టి అంతా కొత్త పంబన్ రైలు వంతెన మీదే ఉండింది. ధనుష్కోటి అంటే మాకు చివర్లో మిగిలిన ఒక పూట, సరదాగా సముద్రం చూసి రావడానికి పెట్టుకున్నది. తీరా ఇంటికి వచ్చాక చూసుకుంటే, వంతెన దగ్గర నోటుబుక్కుల్లో రాసుకున్న కొలతలు సగం మరిచిపోయాం గాని, ధనుష్కోటిలో మా లెక్చరరుగారు వేసిన ఒక చిన్న ప్రశ్న మాత్రం మాలో ఎవరినీ వదలలేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్న గూర్చే.

మదురై వైపునుండి వచ్చే 87వ నంబరు జాతీయ రహదారి రామేశ్వరం దాటాక ఇసుక నేల మీద తిన్నగా సాగిపోతుంది. కుడి పక్క సముద్రం, ఎడమ పక్క సముద్రం. మధ్యలో రోడ్డు, తుమ్మ చెట్లు, ఇసుక తిన్నెలు. ధనుష్కోటి వచ్చేసరికి రోడ్డుకు దగ్గరలోనే కప్పులు లేని గోడలు కనిపిస్తాయి. ఒకటి చర్చి. ఒకటి పోస్టాఫీసు. కొంచెం అవతల రైల్వే స్టేషను గోడలు, ఆవిరి ఇంజన్లకు నీళ్ళు పట్టే ట్యాంకు ఆనవాళ్ళు. పట్టాలు లేవు. బండి నడిచిన కట్ట కూడా చాలామేరకు ఇసుకలో కలిసిపోయింది.

ఆ స్టేషను గోడల దగ్గర నిలబడి మా మేష్టారు అడిగారు: "ఈ స్టేషను ఎందుకు పోయిందోయ్?"

"తుఫాను వల్ల సార్" అన్నాం అందరం ఒక్కసారే. అంతకుముందే డ్రైవరు చెప్పాడు గదా!

"తుఫాను వచ్చింది, సరే. బండెందుకు వచ్చింది?" అన్నారాయన.

మాకు అర్థం కాలేదు. ఆయన వెంటనే జవాబు చెప్పలేదు కూడా. "తెలుసుకొని రాయండి" అన్నారు. తెలుసుకొన్నంత మేరకు రాస్తున్నాను.

విల్లు కొన

ముందుగా స్థలం గూర్చి రెండు మాటలు. రామేశ్వరం ఒక దీవి. పంబన్ కాలువ అనే సన్నని సముద్రపు పాయ దానిని తమిళనాడు నేల నుండి వేరు చేస్తుంది. ఆ దీవి తూర్పు కొస సన్నని నాలుకలాగా సాగి సింహళం వైపు చూస్తూ ఉంటుంది. ఆ నాలుక మీదిదే ధనుష్కోటి. దక్షిణాన మన్నార్ సింధుశాఖ, ఉత్తరాన పాక్ అఖాతం. ఇక్కడి నుండి అవతలి ఒడ్డున ఉన్న తలైమన్నార్ సుమారు 30 కిలోమీటర్లే. మధ్యలో మనవాళ్ళు రామసేతువనీ ఇంగ్లీషువాళ్ళు ఆడమ్స్ బ్రిడ్జి అనీ పిలిచే ఇసుక దిబ్బల వరుస ఉంది.

ధనుష్కోటి అంటే విల్లు కొన. యుద్ధమయ్యాక విభీషణుని కోరిక మీద రాముడు తన విల్లు కొనతో సేతువును తెంచాడని స్థలపురాణం. కాశీ వెళ్ళి వచ్చినవాడు సేతుస్నానం చేస్తేగాని యాత్ర పూర్తి కాదని మన పెద్దలు అనేవారు. సేతువు ఇసుక మూటగట్టి ప్రయాగకు తీసుకుపోయి గంగలో కలపడం, అక్కడి గంగనీళ్ళు తెచ్చి రామేశ్వరంలో అభిషేకం చేయించడం తెలుగు కుటుంబాల్లో ఇప్పటికీ ఉన్న ఆచారమే. కాబట్టి ఈ ఇసుక మనకు మరీ పరాయిది కాదు.

రైలు రావడం

భక్తి ఎంత ఉన్నా, రైలు కంపెనీ ఇంత ఖర్చు పెట్టింది యాత్రికుల కోసమే అనుకుంటే పొరపాటు. అసలు గిరాకీ సింహళం. అక్కడి తేయాకు తోటలకు తమిళదేశం నుండి కూలీలు వేలమీద వెళ్ళేవారు. వ్యాపారులు, ఉద్యోగులు, సరుకులు, తపాలా సంచులు అన్నీ అటే. మొదట్లో మద్రాసు నుండి రైల్లో తూత్తుకుడి దాకా వెళ్ళి, అక్కడి నుండి స్టీమరులో కొలంబో చేరేవారు. సముద్ర ప్రయాణం చాలా ఎక్కువ. ధనుష్కోటి దగ్గరైతే సముద్రం మీద దూరం ఎంతో తగ్గుతుంది. ఇసుక దిబ్బల మీదుగా తలైమన్నార్ దాకా రైలు వంతెనే కట్టేద్దామన్న ఆలోచన కూడా జరిగింది. ఖర్చు చూసి భయపడి, ఇటు రైలు, అటు రైలు, మధ్యలో ఫెర్రీ స్టీమరు అన్న ఏర్పాటుకు వచ్చారు.

దానికి ముందు పంబన్ కాలువ దాటాలి. 1914 ఫిబ్రవరి 24న పంబన్ రైలు వంతెన తెరిచారు. పొడవు రెండు కిలోమీటర్ల పైచిలుకు. 40 అడుగుల చొప్పున 145 చిన్న గడ్డర్లు, మధ్యలో ఓడలు పోవడానికి షెర్జర్ పద్ధతి మీద తయారైన లేచే వంతెన. రెండు చేతులు జోడించినట్టుండే ఆ రెండు రెక్కలను మనుషులే లీవర్లు తిప్పి పైకి లేపేవారు. ఎదురు బరువుల మీద ఆధారపడి పనిచేసే ఏర్పాటు కాబట్టి కొద్దిమంది బలమే చాలేది. మీటరు గేజి బండ్లు ఈ వంతెన దాటి పంబన్ జంక్షనులో రెండు దారులయ్యేవి. ఒక దారి రామేశ్వరానికి. రెండోది నేరుగా ధనుష్కోటి రేవుకు. ఈ రెండోదే మెయిన్ లైను, రామేశ్వరానిది బ్రాంచి లైను! ఇప్పటి యాత్రికుడికి ఈ మాట వింతగా ఉంటుంది.

మద్రాసు ఎగ్మూరులో టికెట్టు కొంటే కొలంబో దాకా అదే టికెట్టు. బండి ధనుష్కోటి రేవులో ఆగేది. దిగి స్టీమరెక్కి రెండు మూడు గంటల్లో తలైమన్నారులో దిగితే అక్కడ సింహళ రైలు సిద్ధంగా ఉండేది. అందుకే ఈ బండికి బోట్ మెయిల్ అని పేరు. స్టీమరు ఎప్పుడో పోయినా చెన్నై, రామేశ్వరం మధ్య నడిచే బండిని పాతవాళ్ళు ఇంకా ఆ పేరుతోనే పిలుస్తారు.

ఆ రోజుల్లో ధనుష్కోటి నిండు ఊరు. కస్టమ్స్ ఆఫీసు, తపాలా కార్యాలయం, బడి, గుడి, చర్చి, రైల్వే క్వార్టర్లు, సత్రాలు అన్నీ ఉండేవి. రామేశ్వరంలో పుట్టిన అబ్దుల్ కలాంగారు ఈ లైను గూర్చి తన ఆత్మకథలో చెప్పిన సంగతి చాలామంది చదివే ఉంటారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో రామేశ్వరం దగ్గర బండి ఆగడం మానేసిందట. అప్పుడు దినపత్రికల కట్టలను కదిలే బండిలో నుండే కిందికి విసిరేసేవారు. వాటిని ఏరి తెచ్చి అన్నయ్య వరసైన బంధువుకు సాయపడటమే కలాంగారి మొదటి సంపాదన. ఆయన తండ్రిగారు యాత్రికులను ధనుష్కోటికి చేరవేసే పడవ కట్టించుకున్నారు. ఆ పడవను ఒక తుఫాను ఎత్తుకుపోయింది. అంటే 1964కు ఎంతో ముందే సముద్రం ఈ తీరానికి తన సంగతి చెప్పి ఉంచింది.

ఆ రాత్రి

1964 డిసెంబరు మూడో వారంలో అండమాన్ దక్షిణాన పుట్టిన వాయుగుండం బలపడి సింహళాన్ని దాటి ఇటు వచ్చింది. డిసెంబరు 22 రాత్రి ధనుష్కోటిని తాకింది. గాలి వేగం గంటకు 240 కిలోమీటర్లు దాటిందని అంచనా. లేచిన కెరటాలు 20 అడుగులకు పైమాటే అంటారు.

ఇక్కడ కొంచెం శాస్త్రం చెప్పుకోవాలి. తుఫానులో మనిషిని చంపేది చాలావరకు గాలి కాదు, ఉప్పెన. తుఫాను నడిమధ్యన గాలి ఒత్తిడి పడిపోతుంది. ఒత్తిడి ఒక మిల్లీబారు తగ్గితే అక్కడి సముద్రమట్టం దాదాపు ఒక సెంటీమీటరు పైకి ఉబుకుతుంది. యాభై మిల్లీబార్లు తగ్గినా ఉబికేది అర మీటరే గదా అనిపిస్తుంది. అసలు పని చేసేది గాలి తోపు. లోతైన సముద్రంలో గాలి నీటిని ఒక పక్కకు తోస్తే ఆ నీరు అడుగునుండి వెనక్కి పోవడానికి చోటుంటుంది. పాక్ అఖాతం లాంటి లోతు తక్కువ సముద్రంలో ఆ చోటు లేదు. తోసిన నీరు తోసినట్టే ఒడ్డున గుట్టపడుతుంది. దానిమీద కెరటాలు. ధనుష్కోటికి రెండు పక్కలా సముద్రమే కాబట్టి వెనక్కి పారిపోదామన్నా మెరకనేల లేదు.

రైలు కట్ట సంగతి కూడా ఇదే లెక్క. ఇసుక మీద ఇసుకతోనే పోసిన కట్ట అది. నీరు ఒక పక్కనుండి కట్టమీదికెక్కి రెండో పక్కకు దూకినప్పుడు, దూకినచోట అడుగు కోసుకుపోతుంది. అక్కడినుండి కట్ట వెనక్కి వెనక్కి తెగుతూ వస్తుంది. కంకర జారిపోయాక స్లీపర్లూ పట్టాలూ బట్టలారేసిన తాడులా గాలిలో వేలాడతాయి. మన కోస్తాలో వరదలొచ్చినప్పుడు రైలు పట్టాలు ఇలా వేలాడే ఫోటోలు పేపర్లలో మనం చూస్తూనే ఉంటాం.

అంత గాలివానలో పంబన్ నుండి ధనుష్కోటికి 653 నంబరు పాసింజరు బయలుదేరింది. ఆరు పెట్టెలు. రికార్డుల ప్రకారం 110 మంది ప్రయాణికులు, 5 గురు రైల్వే సిబ్బంది. టికెట్టు లేనివాళ్ళు ఎందరో ఎవరికీ తెలియదు. అర్ధరాత్రి వేళ బండి ధనుష్కోటి పొలిమేరకు వచ్చింది. సిగ్నలు వెలగలేదు. డ్రైవరు కొంతసేపు ఆగి, చివరకు గట్టిగా కూత వేసి ముందుకు నడిపాడని చెబుతారు. ఆపైన సముద్రం వచ్చి బండిని కప్పేసింది. ఒక్కరూ మిగల్లేదు.

ఊరూ మిగల్లేదు. ఇటూ అటూ కలిపి ఆ తుఫానుకు 1,800 మంది దాకా పోయారని అంచనా. మన సావిత్రిగారు, జెమినీ గణేశన్ గారు ఆ రాత్రి రామేశ్వరంలోనే చిక్కుకుపోయి, ప్రాణాలతో బయటపడ్డారు. ధనుష్కోటి దారిలో సముద్రం పక్కనే ఉన్న కోదండరామస్వామి గుడి మాత్రం నిలబడింది. తీగలు తెగిపోయి, దారులు పోయి, రైలు మునిగిన సంగతి రైల్వే పెద్దలు ప్రకటించేసరికి డిసెంబరు 25 వచ్చింది. రెండు రోజులు! బండి పోయిందనే కబురు మద్రాసు చేరడానికే అన్ని గంటలు పడితే, బండి ఆపండనే కబురు సమయానికి పంబన్ చేరకపోవడంలో ఆశ్చర్యమేముంది?

రెండు నిర్ణయాలు

తుఫాను ధనుష్కోటితో ఆగలేదు. పంబన్ వంతెన మీది గడ్డర్లు వందకు పైగా సముద్రంలో పడిపోయాయి. షెర్జర్ రెక్కలు, రాతి స్తంభాలు మాత్రం నిలిచాయి. రామేశ్వరానికి దారి తెగింది. ఆ రోజుల్లో దీవికి రోడ్డు వంతెన లేదన్న సంగతి గుర్తుంచుకోవాలి.

వంతెన బాగుచేయడానికి ఆరు నెలలు గడువు పెట్టారు. పై అధికారి దానిని మూడు నెలలకు కుదించాడు. ఆ బాధ్యత అప్పగించింది 32 ఏళ్ళ ఇంజనీరు ఇ. శ్రీధరన్ గారికి. తరువాత కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రో కట్టిన ఆ శ్రీధరన్ గారే. ఆయన ఇంజనీరింగు చదివింది మన కాకినాడ ప్రభుత్వ ఇంజనీరింగు కాలేజీలోనే అని చెప్పుకోవడానికి మనకు గర్వంగా ఉంటుంది. కొత్త గడ్డర్లు దేశం నలుమూలల నుండి తెప్పించాలని మొదటి ఆలోచన. ఈలోగా, పడిపోయిన గడ్డర్లు సముద్రం అడుగున ఫలానాచోట ఉన్నాయని జాలరులు చెప్పారు. వాటిని పైకి తీసి, బాగుచేసి, మళ్ళీ స్తంభాలమీద కూర్చోబెట్టారు. 46 రోజుల్లో పని అయిపోయింది. మంత్రిగారి అవార్డు కూడా వచ్చింది. ఈ కథలో ఇంజనీరు తెలివి ఎంత ఉందో, నీళ్ళలో ఏది ఎక్కడుందో తెలిసిన జాలరుల మాట వినడం కూడా అంతే ఉంది. మన పాఠ్యపుస్తకాల్లో ఈ రెండో భాగం కనిపించదు.

రెండో నిర్ణయం దీనికి పూర్తిగా భిన్నం. ధనుష్కోటి నివాసానికి పనికిరాదని మద్రాసు ప్రభుత్వం ప్రకటించింది. పంబన్ నుండి ధనుష్కోటికి లైను మళ్ళీ వేయలేదు. మెయిన్ లైను మాయమై బ్రాంచి లైనే మెయిన్ లైనయింది. ఒకే తుఫాను, ఒకే రైల్వే. వంతెనకు 46 రోజులు, దాని అవతలి లైనుకు శాశ్వత సెలవు. ఎందుకు? వంతెన చివర రామేశ్వరం ఉంది, గుడి ఉంది, జనం ఉన్నారు. ఆ లైను చివర రేవు పోయింది, ఊరు పోయింది. పైగా అప్పటికి కాలం కూడా మారింది. రెండు స్వతంత్ర దేశాల మధ్య వెనకటి రాకపోకలు లేవు. తుఫానుకు రెండు నెలల ముందే, 1964 అక్టోబరు 30న, శాస్త్రిగారికీ శ్రీమతి సిరిమావో బండారనాయకకూ మధ్య ఒప్పందం జరిగింది. తోటల్లో పనిచేసే భారత సంతతివారిలో 5 లక్షల 25 వేల మందిని ఇండియా తీసుకోవాలన్నది అందులో మాట. తాతలను కూలీలుగా తీసుకుపోయిన దారిలోనే మనుమలు తిరిగి రావలసి వచ్చింది. వారు వచ్చేనాటికి ధనుష్కోటి రేవు లేదు. స్టీమరు రామేశ్వరానికే వచ్చేది. 1980లలో సింహళంలో యుద్ధం ముదిరాక ఆ స్టీమరూ ఆగిపోయింది.

రోడ్డు రావడం

రైలు పోయినచోటికి రోడ్డు రావడానికి చాలా కాలం పట్టింది. పంబన్ కాలువ మీద రోడ్డు వంతెనకు 1974లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 14 ఏళ్ళు గడిచి 1988 అక్టోబరు 2న రాజీవ్‌గాంధీ దానిని ప్రారంభించారు. 1914 నుండి 1988 దాకా, అంటే 74 ఏళ్ళు, నేలమీది ప్రయాణికుడికి రామేశ్వరం చేరడానికి రైలు తప్ప వేరే దారి లేదు. మన తాతలూ అమ్మమ్మలూ రామేశ్వరం వెళ్ళారంటే ఆ పాత వంతెన మీదుగా, కిటికీలోనుండి నీళ్ళను చూసి రామనామం జపిస్తూ వెళ్ళినవాళ్ళే.

దీవి లోపల రోడ్డు ముకుందరాయర్ చత్రం దాకా వచ్చి ఆగేది. అక్కడి నుండి ధనుష్కోటికి ఇసుకలోనూ నీళ్ళలోనూ పడిపోయే వ్యాన్లు, జీపులే గతి. ఓపికున్నవాళ్ళు నడిచేవారు. అక్కడి నుండి చివరి కొన అయిన అరిచల్‌మునై దాకా 9.5 కిలోమీటర్ల రోడ్డును 2017 జూలై 27న జాతికి అంకితం చేశారు. బండి పోయిన 53 ఏళ్ళకు మళ్ళీ చక్రాలు తిన్నగా అక్కడిదాకా వెళ్ళాయి. రోడ్డు చివర గుండ్రటి కట్ట, మధ్యలో నాలుగు సింహాల స్తంభం. అక్కడితో ఇండియా నేల అయిపోతుంది.

ఇప్పుడు రోజూ బస్సులూ కార్లూ బారులు తీరి వస్తాయి. కాని చీకటి పడేలోగా యాత్రికులను వెనక్కి పంపేస్తారు. హోటళ్ళు, లాడ్జీలు లేవు. తాటాకు పాకల్లో ఉండే జాలరి కుటుంబాలు మాత్రం ఉన్నాయి. నివాసానికి పనికిరాదన్న చోట వారు నివసిస్తూనే ఉన్నారు, ఎందుకంటే వల వేసేది అక్కడే. సముద్రానికి కొద్ది అడుగుల దూరంలో వారు ఇసుకలో చెలమ తవ్వితే మంచినీళ్ళు వస్తాయి. ఇందులో మాయ లేదు. వాననీరు ఉప్పునీటికంటే తేలిక. ఇసుకలోకి దిగిన వాననీరు కిందనున్న ఉప్పునీటిమీద తేలుతూ పల్చటి పొరగా నిలుస్తుంది. పైపైన తోడుకుంటే తియ్యగా ఉంటుంది, లోతుగా తవ్వితే ఉప్పు తగులుతుంది. ఈ నేలమీద ఎంత వరకు ఆశపడాలో ఆ చెలమే చెబుతున్నట్టు నాకు అనిపించింది.

రైలు మళ్ళీ వస్తుందా?

అవతలి ఒడ్డున వచ్చింది. యుద్ధంలో పాడైన తలైమన్నార్ లైనును మన ఇర్కాన్ సంస్థ మళ్ళీ వేసింది. 2015 మార్చి 14న అక్కడ బండి కదిలింది. ఇవతల, రామేశ్వరం నుండి ధనుష్కోటికి సుమారు 17 కిలోమీటర్ల కొత్త లైనుకు 2019 మార్చి 1న శంకుస్థాపన జరిగింది. మేము వెళ్ళేనాటికి పట్టా పడిన జాడ లేదు. పట్టా పడాలా వద్దా అన్నది తేలిక ప్రశ్న కాదు. దక్షిణాన మన్నార్ సింధుశాఖలో 1986 నుండి సముద్ర జాతీయ పార్కు ఉంది. మన పులికాట్‌కు వచ్చే జాతి ఫ్లెమింగోలే ధనుష్కోటి మడుగుల్లోకీ వస్తాయి. పర్యాటకం కావాలా, పక్షులు కావాలా అన్న వాదం బస్సులో మా మధ్య కూడా గట్టిగానే జరిగింది. నేను పక్షుల వైపు ఉన్నాను.

పాత పంబన్ వంతెన మీద 2007లో మీటరు గేజి పోయి బ్రాడ్ గేజి వచ్చింది. ఉప్పుగాలికి ఇనుము తినేస్తూ వచ్చి, 2022 డిసెంబరు 23న దానిమీద బండ్లు ఆపేశారు. పక్కనే కట్టిన కొత్త వంతెనను 2025 ఏప్రిల్ 6న, శ్రీరామనవమి నాడు ప్రారంభించారు. ఇందులో 72.5 మీటర్ల దూలం మొత్తంగా, లిఫ్టులాగా, 17 మీటర్లు నిట్టనిలువుగా పైకి లేస్తుంది. మనుషులు లీవర్లు తిప్పే రోజులు పోయాయి.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా ఆకర్షించింది ఒక చిన్న ఏర్పాటు. పాత వంతెన దగ్గర గాలి వేగం కొలిచే సాధనం పెట్టారు. గాలి గంటకు 58 కిలోమీటర్లు దాటితే బండిని వంతెనమీదికి వదిలేవారు కాదు. అందులో ఉంది మా మేష్టారి ప్రశ్నకు జవాబు.

జవాబు

రైల్వేలో ఒక స్టేషను నుండి బండి కదలాలంటే ముందు స్టేషను నుండి లైన్ క్లియర్ రావాలి. ఇది ఎంతో ఆలోచించి పెట్టిన పద్ధతి. కాని అది ఒక బండి మరో బండిని గుద్దుకోకుండా పెట్టిన పద్ధతి. లైనుమీద ఇంకో బండి ఉందా అని అడుగుతుంది గాని, అసలు లైను ఉందా అని అడగదు. సిగ్నలు దీపం ఆరిపోతే దీపం చెడిపోయిందనుకుంటాం గాని, సిగ్నలు అవతల ఊరే పోయిందని ఏ డ్రైవరు అనుకుంటాడు? అతడు ఎదురుగా ఉన్న చీకటిలోకి చూసి, వెనకనున్న నూటపదిమంది గమ్యం చేరాలని కూత వేసి ఉంటాడు. అతడిని తప్పుపట్టడానికి నాకు నోరు రావడం లేదు. తప్పు ఎక్కడుందంటే, సముద్రం పక్కన రైలు నడుపుతూ, బండి కదలాలా వద్దా అన్న విషయంలో సముద్రాన్ని కూడా అడగాలని ఎవరికీ తోచకపోవడంలో ఉంది. ఆ తరువాత వచ్చిన గాలి కొలత సాధనం ఆ పనే చేసింది.

ఈ పాఠం మనకు కొత్త కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు సర్కారు లెక్కలోనే పదివేల మంది దాకా పోయారు. వాయుగుండం ఉందని తెలుసు, అది చివరి పల్లెకు చేరలేదు, చేరినచోట నమ్మకం కుదరలేదు. అదే 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు ముందే జనాన్ని తరలించారు. ఇళ్ళు పోయాయి, చెట్లు పోయాయి గాని, దివిసీమలా శవాల గుట్టలు లేవలేదు. గాలి బలం తగ్గి కాదు. కబురు ముందు చేరింది, చేరిన కబురును జనం నమ్మారు.

మిత్రులారా, మనలో కొందరు రేపు రోడ్లు వేస్తారు. కొందరు వంతెనలు కడతారు. కొందరు తహసీల్దార్లో, టీచర్లో, విలేఖరులో అవుతారు. ఇప్పుడు ధనుష్కోటికి మంచి రోడ్డుంది. రోడ్డుంది కాబట్టి రోజూ జనం వెళుతున్నారు. రైలుంది కాబట్టి 1964లోనూ వెళ్ళారు. సాయంత్రం వేళ అందరినీ వెనక్కి పంపే ఆ పోలీసును చూసి మాలో ఒకరిద్దరు విసుక్కున్నారు, ఇంకో పది నిమిషాలుంటే సూర్యాస్తమయం చూసేవాళ్ళం అని. తిరుగు దారిలో స్టేషను గోడలు మళ్ళీ కనిపించాయి. బస్సులో అంతసేపూ పాటలు పాడుతున్నవాళ్ళు అక్కడ కాసేపు ఊరుకున్నారు. మేష్టారు ముందు సీట్లోనుండి వెనక్కి తిరిగి, "ఏమోయ్, తెలిసిందా బండెందుకు వచ్చిందో?" అన్నారు.

"ఆపేవాడు లేక సార్" అన్నాడు మా వెనక బెంచీ మిత్రుడు. క్లాసులో ఎప్పుడూ నోరు విప్పనివాడు!

ఆయన తల ఊపి మళ్ళీ ముందుకు తిరిగి కూర్చున్నారు.